తాతయ్య తేల్చిన ఆంప్లిఫైయర్

నలభై ఏళ్లు అచ్చుయంత్రం పక్కన నిలబడ్డ తాతయ్యకు చెవులు మొరాయించి రెండేళ్లయింది. సంగతి తెలిస్తే నాయనమ్మ తనను ఒంటరిగా గడప దాటనివ్వదని ఆయన భయం. అందుకే స్టీరియోకు ఆంప్లిఫైయర్ కొనడానికి నాయనమ్మతో దుకాణానికి వచ్చినప్పుడు, అన్నీ వినపడుతున్నట్టే చెవి రిక్కించి నిలబడ్డాడు. దుకాణదారు ఒకటి వినిపించి, రెండో దాని వైపు చెయ్యి చాచాడు. తాతయ్య పెద్దరికంగా తలూపాడు.

"ఇదే నయం. సన్న స్వరాలు విడివిడిగా పలుకుతున్నాయి."

"ఇంకా మార్చలేదండీ," అన్నాడు దుకాణదారు.

ఆ మాట వినపడలేదు గానీ నాయనమ్మ మొహం కనపడింది. తాతయ్య పైప్రాణాలు పైనే పోయాయి.

ఆమె ఆయన చెవిలో గట్టిగా అంది: "రెండేళ్లుగా తిడుతుంటే నవ్వుతున్నారు. నాకు తెలియదనుకున్నారా? సౌండు ఎక్కువొచ్చేది తీసుకోండి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం నన్ను పిలవండి."

తాతయ్య అప్పటికే ఆమె చెయ్యి పట్టేసుకున్నాడు.