బడ్జ్ బడ్జ్‌లో నన్ను దాచిన రోజులు

మొన్న టీవీలో క్రికెట్ ఆటగాళ్ళ వేలంపాట వస్తోంది. ఒక్కో కుర్రాడి ధర కోట్లలో పలుకుతుంటే నా మనవడు నావైపు తిరిగి, “తాతా, అప్పట్లో నీ దామ్ ఎంత?” అని అడిగాడు. నవ్వేసి ఊరుకున్నాను గానీ, మనసు చివుక్కుమంది.

మేము టికియాపారా రైల్వే క్వార్టర్లలో ఉండే ఆ కరెంటు కోతల కాలంలో వేలంపాటలు ఎక్కడివి! ఏటా ఆటగాళ్ళు క్లబ్బులు మారడానికి కొన్నాళ్ళు గడువుండేది. ఆ రోజుల్లో మంచి ఆటగాణ్ణి ఎదుటి క్లబ్బువాళ్ళు ఎత్తుకుపోకుండా, సంతకం పెట్టేదాకా ఎవరింట్లోనో దాచేసేవారు. అది తప్పని ఎవరూ అనుకునేవారు కాదు. వేగంగా బంతి వేస్తానని నాకు పేరొచ్చిన ఏడు, మేమంతా దాదా అని పిలిచే మా క్లబ్బు పెద్దాయన, భోజనానికి రమ్మని బడ్జ్ బడ్జ్ తీసుకెళ్ళి, తన ఇంటి మేడగదిలో నన్ను పెట్టి బయట గొళ్ళెం వేశాడు. మర్యాదకేం లోటు లేదు సుమండీ. ఆయన భార్యని వదిన వరసలో బౌదీ అనేవాణ్ణి; ఆ తల్లి ఆవపిండి పెట్టి ఇలిశ చేప వండి, నేను తింటుంటే గుమ్మంలో కూర్చుని కబుర్లు చెప్పి, కంచం తీసుకుని మళ్ళీ గొళ్ళెం పెట్టేది. నేను రోజులు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆ శుక్రవారమే రైల్వేలో ఆటగాళ్ళ కోటా ఉద్యోగానికి సెలక్షన్. క్లబ్బు డబ్బు భుజం ఉన్నంతవరకే, రైల్వే కొలువు బతికినంతకాలం అని నాకు నూరిపోసింది, అదే రైల్వేలో ఖలాసీగా చేసే మా నాన్నే.

శుక్రవారం పొద్దున్నే వాకిట్లో నాన్న గొంతు వినబడింది. ప్రాణం లేచొచ్చింది. నన్ను తీసుకెళ్ళడానికే వచ్చాడనుకుని, గబగబా బూట్లు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. గొళ్ళెం తీసిన నాన్న చేతిలో ఉతికిన బట్టల మూట, దానిమీద నా బైబిలు ఉన్నాయి. నా మొహంలోకి చూడలేదు.

“సంతకం అయ్యేదాకా ఇక్కడే ఉండిపోరా. డబ్బులు పుచ్చీసుకున్నాను. ఏటి సేస్తాం, మాటిచ్చీసినాను.”

మూట మంచంమీద పెట్టి, వెళ్తూ వెళ్తూ ఆ గొళ్ళెం తనే వేశాడు.

రెండు సీజన్లకే భుజం పోయింది, దాదా కబురు పెట్టడం మానేశాడు. షాలిమార్ యార్డులో ఒక కాంట్రాక్టరు దగ్గర సరుకు దింపించే పనిలో బతుకు వెళ్ళదీశాను. నాన్న పోయేదాకా ఒకే ఇంట్లో ఉన్నాం గానీ, ఆ శుక్రవారం ఊసు ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. కోపం లేదని ఎలా అనను? ఇప్పటికీ ఉంది.

ఈ కాలం పిల్లల ధర దేశమంతా వినేలా చెబుతున్నారు. ఆ పిల్లలు తమ ఇంట్లో, అమ్మానాన్నల మధ్య కూర్చుని వింటున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నా మనవడికే ఏం చెప్పాలో తెలియడం లేదు. నా ఖరీదు ఎంతో దాదాకి తెలుసు, నాన్నకి తెలుసు. నాకెవరూ చెప్పలేదు.