పుస్తెలతో లోపలికి వద్దన్నారు

అమ్మ పుస్తెలతాడుకు ఎప్పుడూ మూడు పిన్నీసులు వేలాడేవి. ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు ఎమ్మారై కోసం వెళ్లిన రోజు, ఒంటి మీద లోహం ఉండకూడదనగానే ఆ మూడూ తీసి నా చేతిలో పెట్టింది. మెట్టెలూ తీసింది. పుస్తెలు కూడా తీయాలంది సెంటర్‌లో అమ్మాయి. అమ్మ అందుకూ సిద్ధపడే వచ్చింది. పసుపుకొమ్ము కట్టిన దారం సంచిలో తెచ్చుకుంది.

నాన్నే అడ్డుపడ్డాడు.

"నేను బతికుండంగనే పుస్తెలు తీస్తవా?"

"పసుపుకొమ్ము కట్టుకుంట గదా. అర్ధగంటనే," అంది అమ్మ.

"గీ ఫొటో లేకుంటే ఆపరేషన్ కాదా ఏంది? నడువు."

ఆ ఫొటో ఎందుకో డాక్టర్ ఆయనకు ముందే విడమరిచి చెప్పాడు. అమ్మ కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉంది. దాన్ని కోసి తీసేస్తే మిగిలింది ఆమెకు సరిపోతుందో లేదో తేలాలి. ఊపిరి పీల్చి, బిగబట్టి, వదులుతుంటే గాలి ఎక్కడిదాకా అందుతోందో ఆ ఎమ్మారైలో కనిపిస్తుంది. నాన్న అన్నిటికీ తలూపాడు, తన చీరల కొట్టులో గిరాకీల మాటలకు ఊపినట్టే.

నాన్నను తిట్టుకోవడం సులువు. మరి నేనేం చేశాను? ముప్పై ఎనిమిదేళ్లదాన్ని, అంత చదువుకున్నదాన్ని, నలుగురిలో రచ్చ ఎందుకని పిన్నీసులు పిడికిట్లో పట్టుకుని వాళ్ల వెనకే ఇంటికి మెట్రో ఎక్కాను. నాది మర్యాద కాదు, పిరికితనం.

ఇంట్లో ఆ ఊసెత్తితే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. అలా అయిదు నెలలు గడిచాయి. అమ్మకు దగ్గులో రక్తం పడ్డాక ఆయనే మళ్లీ తీసుకెళ్లాడు. తన చేతులతోనే పుస్తెలు తీసి జేబులో వేసుకున్నాడు.

ఈసారి నేను అద్దం ఇవతల నిలబడ్డాను. మైకులో ఆ అమ్మాయి కోస్తా యాసలో ఓపిగ్గా చెబుతోంది. "గాలి పీల్చండమ్మా... బిగబట్టండి... ఇంకొంచెం సేపండీ." అమ్మ పట్టలేకపోయింది. దగ్గు. మళ్లీ మొదలు. మళ్లీ దగ్గు. మొదటిసారి వచ్చినప్పుడు ఈమే మెట్రో మెట్లు ఆగకుండా ఎక్కింది. నాకు నాన్న మీదా, నా మీదా ఒళ్లు మండిపోయింది.

డాక్టర్ మా ముగ్గురికీ తెర మీద చూపించాడు. గాలి అందిన చోటు తెల్లగా, అందని చోటు నల్లగా ఉంది. నలుపే ఎక్కువ. ఇప్పుడు కోస్తే తట్టుకోలేదని, అయిదు నెలల కిందట వచ్చి ఉంటే చేసేవాళ్లమని అన్నాడు.

బయట వరండాలో ఆయన జేబులోంచి పుస్తెలు తీసి, రెండు చేతులతో అమ్మ మెడ దగ్గరికి తెచ్చాడు. అమ్మ ఆ చేతుల్ని పక్కకు నెట్టింది.

"నీ జేబులనే ఉండనియ్యి," అంది, మధ్యలో దగ్గు ఆపుకుంటూ. "నువ్వైతే సల్లగున్నవ్ గదా."