సైరన్ మోగని రోజు దీఘాకి

ఖరగ్‌పూర్ నుంచి చిన్నపిల్లలతో దీఘా వెళ్దామనుకునేవాళ్ళకి మొదటి మాట: ముందురోజు రాత్రి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఈ మాట మా ఊరివాళ్ళకే చెప్పాలి. వేరే ఊళ్ళవాళ్ళు ఎలాగూ పెట్టుకుంటారు.

మాది ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. నేను మా తెలుగు క్రైస్తవ సంఘంలో సండే స్కూల్ చెప్తాను. ఎండాకాలం సెలవుల్లో చర్చిలో పిల్లలకి పదిరోజులు తరగతులు ఉంటాయి. పాటలు, కథలు, రంగు కాగితాలతో బొమ్మలు, చివర గ్లాసుడు నిమ్మరసం. తరగతులు పొద్దున్నే అయిపోతాయి. ఆ తర్వాత రోజంతా మిగులుతుంది, వడగాలి మిగులుతుంది, ఇద్దరు పిల్లలు మిగులుతారు. గ్రేసికి ఏడేళ్ళు, బన్నుకి నాలుగు. మంచం మీద నుంచి దూకడం, కుళాయి దగ్గర కొట్టుకోవడం, ఫ్యాను కింద పడుకుని "ఇప్పుడేటి సెయ్యాలి?" అని అడగడం, ఇదీ మా వేసవి.

ఆ ఏడాది తరగతుల్లో ఒకరోజు మాట నిలబెట్టుకోవడం గురించి చెప్తున్నాను. విశ్వాసి అవునంటే అవునై ఉండాలి, కాదంటే కాదై ఉండాలి అన్నాను. గ్రేసి చెయ్యెత్తింది. తరగతిలో అది నన్ను టీచర్ అనే పిలుస్తుంది.

"టీచర్, మా అమ్మ రెండు సమ్మర్ల నుంచి సముద్రంలో కాళ్ళు పెట్టిస్తానంటోంది. అది అవునా, కాదా?"

పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు చేశాను. మొదటి ఏడు ఆయనకి ఓవర్‌టైం పడింది, రెండో ఏడు తుఫాను హెచ్చరిక వచ్చింది. కారణాలు నిజమే. కానీ మూడో ఏడు కూడా కారణమే చెప్తే ఈ పిల్ల నా నోటి నుంచి వచ్చే ఏ వాక్యాన్నీ నమ్మదని భయం పట్టుకుంది. ఇంటికి రాగానే ఆయన్ని అడిగాను. వర్క్‌షాపుకి సెలవున్న రోజొకటి చూసుకుని, ఆరున్నర లోకల్ రైల్లో పాఁశ్‌కురా వెళ్ళి, అక్కడ దీఘా బండి పట్టుకుందామన్నారు. ఆరోజు తరగతికి నా బదులు ఇంకో టీచరుని ఒప్పించాను.

ఇక జరిగిన పొరపాటు. మా కాలనీ అంతా వర్క్‌షాపు సైరన్‌తో లేస్తుంది. తెల్లవారగానే మొదటి కూత. ఆ కూతకి నేను మోకరిస్తాను, ఆయన బ్రష్ పట్టుకుంటారు. మా ఇంట్లో అలారం ఎవరూ పెట్టరు. ముందురోజు రాత్రి నిమ్మకాయ పులిహోర కలిపాను, గుడ్లు ఉడకబెట్టాను, పిల్లలకి రెండేసి జతల బట్టలు సర్దాను, ప్రయాణం కోసం ప్రార్థన చేశాను. పడుకున్నాం.

కళ్ళు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ మంచం మీదకి వచ్చేసింది. ఏడుంబావు. లోకల్ వెళ్ళిపోయింది, పాఁశ్‌కురాలో దీఘా బండీ ఇక అందదు.

ఆయన లేచి కూర్చున్నారు. "సైరన్ ఏటి, ఇయ్యలేదా?"

"సెలవు కదండీ," అన్నాను.

 సెలవని ప్రయాణం పెట్టుకున్నది మేమే. ఇరవై ఏళ్ళుగా నా తెల్లవారి ప్రార్థన ఆ కూతకి కట్టేసి ఉందని కూడా అప్పుడే తెలిసింది.

పిల్లలు ఇంకా నిద్రలో ఉన్నారు. ఆయన గొంతు తగ్గించి అన్నారు: "ఒక పని సేద్దాం. ఆటోలో కాంసాయి ఏటికి ఎల్దాం. ఇసక ఉంటాది, నీల్లుంటాయి. ఇదే సముద్రమని సెప్తే సిన్నోల్లకి ఏటి తెలుస్తాది?"

నిజం చెప్పాలి, ఒక్క నిమిషం నాకూ బాగానే ఉందనిపించింది. పదిగంటలకల్లా ఇంటికి వచ్చేయొచ్చు. తర్వాత గ్రేసి పెద్దదై భూగోళం పాఠంలో కాంసాయి పేరు చదివే రోజు కళ్ళముందు కనబడింది.

"బస్సుకి ఎల్దామండీ," అన్నాను.

ఆయనకి బస్సంటే పడదు. రైల్వే మనిషి. "దానికి సిగ్నల్ లేదు, టైం లేదు, గార్డు లేడు," అని గొణుగుతూనే చొక్కా తొడుక్కున్నారు.

టోటో అనే బ్యాటరీ రిక్షాలో చౌరంగీ కూడలికి వచ్చేసరికి ఎనిమిదింబావు. దీఘా బస్సులు అక్కడ ఆగుతాయి. కిటికీ పక్క సీటు కావాలంటే మీరు ఇంకా ముందు రండి. మాకు వెనకనుంచి రెండో వరసలో దొరికింది. బన్నుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఊరు దాటకముందే మొదలయింది.

"అమ్మా, వచ్చేసిందా సముద్రం?"

"ఇది ఇంకా మన ఊరే నాన్నా."

బెల్దాలో బస్సు పదిహేను నిమిషాలు ఆగుతుంది. కాగితం పొట్లంలో మూఢి మరమరాలు, మీద వేడి ఘుగ్ని శనగలు పోసిస్తారు. పిల్లలకైతే పచ్చిమిరపకాయ వద్దని ముందే చెప్పండి. మేం చెప్పలేదు. నీళ్ళసీసా అక్కడే ఖాళీ అయింది.

బెల్దా దాటాక మా పక్కన ఒక ముసలి బెంగాలీ ఆవిడ కూర్చుంది. రామ్‌నగర్ దగ్గర పల్లె అట. ఒళ్ళో తాటిముంజల గంప. పిల్లలు సీటు మీద నిలబడటం, దిగడం, మళ్ళీ ఎక్కడం చూసి నవ్వి, చెరో ముంజ చేతిలో పెట్టింది. బెంగాలీలో అడిగింది, ఎక్కడికని. గ్రేసి నాకంటే బాగా బెంగాలీ మాట్లాడుతుంది, అదే చెప్పింది.

"సముద్రం చూడ్డానికా?" అంది ఆవిడ. "మా ఇంటికి దగ్గరే. నేను వెళ్ళి పదేళ్ళయింది. అక్కడేముంది, నీళ్ళే కదా."

గ్రేసి నా చెవి దగ్గరకి వచ్చి, "అమ్మా, ఈ దీదా మామ్మకి చర్చి లేదేటి? సముద్రాన్ని దేవుడు చేసినాడని ఎవరూ చెప్పలేదేటి?" అంది. ఆవిడకి తెలుగు రాకపోవడం మా అదృష్టం.

ఎగ్రా ఇంకా రాకముందే టైరు పేలింది. అందరం దిగాం. రోడ్డు పక్క చిన్న టీకొట్టు తప్ప నీడ లేదు. గంట పట్టింది. ఆయన చేతిగడియారం చూసుకుంటూ టైరు చుట్టూ తిరిగారు. జాకీ ఎక్కడ పెట్టాలో క్లీనరుకి చెప్పబోతే అతను, "దాదా, ఇది ఇంజను కాదు," అన్నాడు. నేను మనసులో ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. బస్సు టైరు గురించి ప్రభువుని విసిగించడం సిగ్గనిపించింది. మళ్ళీ మొదలుపెట్టాను.

దీఘాలో దిగేసరికి ఒకటిన్నర దాటింది. పొద్దున్న ఆరున్నర బండికి వచ్చి ఉంటే అప్పటికే స్నానాలూ భోజనాలూ అయిపోయేవి. నాలుగు గంటల బస్సుకి తిరిగి ఎక్కేయాలని ఆయన లెక్క. మర్నాడు సైరన్‌కి డ్యూటీలో ఉండాలి. పిల్లల చేతులు పట్టుకుని పరుగులాంటి నడకతో పాత దీఘా ఒడ్డుకి వెళ్ళాం.

సముద్రం ఉంది. కానీ ఒడ్డు లేదు. పోటు మీదుంది. కెరటాలు రాళ్ళకట్టని కొట్టి, రోడ్డు మీదకి తుంపరలు విసురుతున్నాయి. మెట్లకి అడ్డంగా తాడు కట్టి, విజిలు మెడలో వేసుకున్న కాపలా అతను నిలబడ్డాడు.

"ఎఖన్ జోయార్, దీదీ," అన్నాడు. ఇప్పుడు పోటు, దిగనివ్వరు. ఎప్పుడు తగ్గుతుందంటే సముద్రం వైపు గడ్డం చూపించాడు, దాన్నే అడగమన్నట్టు.

గ్రేసి తాడు పట్టుకుని చాలాసేపు చూసింది. ఏడవలేదు. "చూపించినావు కదమ్మా," అంది మెల్లగా. "చాల్లే."

ఆ "చాల్లే" నాకు గుచ్చుకుంది. పెద్దవాళ్ళు మాట తప్పినప్పుడు పిల్లలు మర్యాదగా అనే మాట అది. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

కట్ట మీద కూర్చుని పులిహోర తిన్నాం. బన్ను గుడ్డు తొక్కలు సముద్రంలోకి విసిరి కాపలా అతనిచేత విజిలు వేయించుకున్నాడు. రెండున్నర. మూడు. నేను కళ్ళు మూసుకున్నప్పుడల్లా కెరటాల చప్పుడు దగ్గరగా వినిపించేది, తెరిస్తే నీళ్ళు అక్కడే. సముద్రానికి గీత గీసినవాడు దానికో వేళ కూడా పెట్టాడు. అది మా బస్సు వేళ కాదు. సండే స్కూల్లో ప్రభువు తుఫానుని నిమ్మళింపజేసిన కథ ఎన్నిసార్లు చెప్పానో. దోనెలో కూర్చున్న శిష్యుల కంగారు గురించి మాత్రం ఎప్పుడూ ఒక్క వాక్యంలో దాటేసేదాన్ని.

మూడున్నరకి కింది రాళ్ళు నల్లగా బయటపడ్డాయి. తాడు ఇంకా తీయలేదు. మూడూ నలభైకి లేవాలి. నేనే లేచి సంచి సర్దాను. టిఫిను మూత పెట్టాను. గ్రేసి ఏం అడక్కుండా చెప్పులు వేసుకుంది.

ఆయన లేవలేదు. గడియారం చూసుకున్నారు, సముద్రం చూశారు.

"బస్సుకి వేళైందండీ," అన్నాను.

"పోనీ. ఇంకో బస్సు ఉంటాది."

"రేపు మీ డ్యూటీ."

"సైరన్ ఉంటాది కదా రేపు. లేపుతాది." తర్వాత గ్రేసి వైపు చూసి అన్నారు: "పొద్దున్న నేనే కాంసాయి ఏరు సూపించి సముద్రం అనీసేద్దామన్నాను మీ అమ్మతో. ఒప్పలేదు. నీకు తెలియాలి."

గ్రేసి ఆయన్ని, నన్ను మార్చి మార్చి చూసింది. "కాంసాయికి అవతల ఒడ్డు కనబడతాది నాన్నా," అంది. "నాకు తెలిసిపోయేది."

నాలుగున్నరకి తాడు తీశారు. మెట్ల కింద తడి ఇసుక బయటపడింది. చెప్పులు విప్పి, ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని దిగాను. మొదటి కెరటం మడమల దాకా వచ్చి, వెనక్కి పోతూ కాళ్ళకింది ఇసుక లాక్కుపోయింది. బన్ను భయంతో నా చీర పట్టుకున్నాడు. గ్రేసి కిందకి చూస్తూ నిలబడింది. రెండో కెరటం, మూడో కెరటం. ఎన్నని లెక్కపెట్టలేదు. ఆయన ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, గడియారం విప్పి జేబులో వేసుకున్నారు.

ఐదున్నర బస్సులో అందరికీ సీట్లు దొరకలేదు. ఆయన బెల్దా దాకా నిలబడ్డారు. బస్సు బయలుదేరగానే బన్ను నిద్రపోయాడు. బయట పొలాల మీద వెలుగు తగ్గుతోంది. ఇలా వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే: అలారం పెట్టుకోండి, పోటు వేళ ముందే కనుక్కోండి, తిరుగు బస్సుని మరీ గట్టిగా నమ్ముకోకండి.

గ్రేసి కాళ్ళకి ఎండిన ఇసుకని గోటితో గీస్తూ అడిగింది: "అమ్మా, వచ్చే సమ్మర్ మళ్ళీ వద్దామా?"

అలాగే అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఏ తల్లికైనా అదే వస్తుంది. ఆపుకున్నాను.

"తెలీదు గ్రేసీ," అన్నాను. "వస్తామని చెప్పలేను."

అది నా ముఖం కాసేపు చూసింది. అలగలేదు, "చాల్లే" అనలేదు. "ఠీక్ హై," అని నా భుజం మీద తల పెట్టుకుంది. ఎగ్రా రాకముందే నిద్రపోయింది.