మగవాళ్ళ పీట మీద నా గుండె

హాలియా దగ్గర కాలువ పనిలో ఒకనాడు మట్టితట్టతో గట్టెక్కుతుంటే కళ్ళు బైర్లు కమ్మాయి. గుండెదడ చాలాసేపు తగ్గలేదు.

మర్నాడే మేస్త్రీ నన్నూ, నాతో జోడీగా మట్టి తవ్వే నా పెనిమిటి ఎల్లయ్యనూ గుత్తేదారు పెట్టిన దవాఖానకు పంపాడు. అక్కడ మోకాలి ఎత్తు చెక్కపీట ఉంది. కాంపౌండరు పెన్సిలుతో బల్ల మీద కొడుతుంటే ఆ లెక్కన ఎక్కాలి, దిగాలి. దాన్ని స్టెప్ టెస్ట్ అన్నారు. ఎల్లయ్య పొడుగు మనిషి, పొద్దున్నే జొన్న గటక తిని వచ్చాడు, పాసయ్యాడు. నేను అతని భుజం దాకా కూడా రాను. పైగా ఆ రోజు శనివారం, నాకు ఒక్కపొద్దు. పొద్దుగూకే దాకా మెతుకు ముట్టను. పీట ఎక్కుతుంటే తట్ట లేకపోయినా అలవాటుగా చెయ్యి నెత్తి మీదికే పోయింది. కాంపౌండరు నవ్వాడు. సగంలోనే ఆగి పీట మీదే కూలబడ్డాను.

డాక్టరు పల్స్ పట్టుకుని, "హార్ట్ వీక్. అన్‌ఫిట్" అన్నాడు. తిన్నావా అని అడగలేదు. ఇంకోరోజు చూద్దామనీ అనలేదు.

"ఇంటికాడ కూసో చెల్లె. నువ్వు పడితే నా మెడకు సుట్టుకుంటది" అన్నాడు మేస్త్రీ. ఎల్లయ్య తవ్విన మట్టిని గట్టెక్కించింది నేనే. అయినా నా పేరే కొట్టేశారు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

ఇంట్లో అత్త బిందె కూడా ఎత్తనివ్వలేదు. ఆయాసం మాత్రం పెరిగింది. మూడు నెలలకు హైదరాబాదు దవాఖానలో లేడీ డాక్టరు నా కంటిరెప్ప కిందికి లాగి చూసి, రక్తం తీయించి, అనీమియా, అంటే ఒంట్లో రక్తం తక్కువ అన్నారు. ఐరన్ గోలీలు మింగితే దొడ్డికి నల్లగా అయింది. భయపడి మానేశాను. మళ్ళీ కళ్ళు తిరిగాయి. ఆమె తిట్టి మళ్ళీ మొదలుపెట్టించారు. ఒంట్లో రక్తం పట్టాక, తిన్న తర్వాతే, పొట్టి పీట మీద మూడు వేర్వేరు రోజులు ఎక్కించి, ప్రతిసారీ నాడి లెక్కపెట్టి రాసుకున్నారు. నేను ఆ మోకాలెత్తు పీట సంగతి చెబితే ఆమె అన్నారు:

"మూడు దినాలు మూడు అంకెలొచ్చినయ్, చూసినవా? ఒక్కనాటి అంకెతోని గుండె బాగలేదని ఎట్ల రాస్తరు? గా ఎత్తు పీట మగోళ్లకు. నీ గుండె మంచిగుందమ్మా."

ఆమె రాసిచ్చిన కాగితం చూపిస్తే మేస్త్రీ నా పేరు మళ్ళీ రాసుకున్నాడు. తప్పు జరిగిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఇప్పటికీ తట్ట మోస్తున్నాను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకుని, గుత్తేదారు దవాఖానలో నా చేతికిచ్చిన, నేను దాచుకున్న పాత ఫారం చదివాను. 'పరీక్షకు ముందు తిన్నది' అని అచ్చేసిన చోట ఖాళీ. 'ఆడ, మగ' అన్నచోట గీత కూడా పెట్టలేదు. ఆ రెండు ఖాళీలకు నా పని పోయింది.

అక్కలారా, ఒక్కపొద్దు నాడు పరీక్షకు పోకండి. ఆ పీట ఎవరి ఎత్తుదో అడగండి. ఇంకోరోజు మళ్ళీ చూడందే అన్‌ఫిట్ అని రాస్తే ఒప్పుకోకండి.