తొమ్మిది పేర్లు

హల్‌దోరా చేతులు ఎప్పుడూ బ్లీచు వాసన వేస్తాయి. ఐస్‌లాండ్ ప్రయోగశాలలో ఇరవై ఏళ్లుగా ఆమె గొర్రెల మెదళ్లు కోసి ఎంజైమ్‌తో పరీక్షిస్తోంది. మంచి ప్రొటీన్ కరిగిపోతుంది. వణుకు రోగం తెచ్చే వంకర ప్రొటీన్ మొండిగా నిలబడుతుంది. మొన్న రైతు స్టెయిన్‌థోర్ మందలో ఒక గొర్రెకు ఆ రోగం తేలింది. మందనంతా చంపే కాగితం మీద డైరెక్టరు ఆమె సంతకం అడిగాడు.

“ఆ మందలో తొమ్మిదింటికి ఈ రోగం అంటదు. వాటి ప్రొటీన్ వంకరపోయే రకం కాదని రక్తం చూసి చెప్తున్నా కదా!”

“రూలు అంతేనమ్మా.”

కాఫీ తాగుతూ నోట్లో పెట్టుకున్న పంచదార బిళ్ల ఆమె పళ్ల మధ్య పటుక్కుమంది. “మీ రూలుకి మెదడుంటే ఇటు పంపండి, కోసి చూస్తాను!”

ఆమె పెట్టని సంతకం ఇంకొకరు పెట్టారు. మందతో పాటు ఆ తొమ్మిదీ పోయాయి. స్టెయిన్‌థోర్ ఫోన్ చేసి అవి ఏవని అడిగాడు. ఆమె వాటి చెవి ట్యాగుల నంబర్లు చదివింది. ఒక్కో నంబరుకీ అతను ఒక పేరు చెప్పాడు. ఆ పేర్లన్నీ ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి, ఆమె డైరెక్టరు తలుపుకి మేకులతో కొట్టింది.