రిజిస్టరులో ఇద్దరు దయామణులు

మద్రాసు నుంచి ఉత్తరం వచ్చిన సోమవారం నాటికి దయామణికి ముప్పై అయిదు నిండడానికి ఎనభై మూడు రోజులున్నాయి. ఆ ఉత్తరాన్ని ఆమె మందుల గదిలో నిలబడి చదివింది. మడిచి జేబులో పెట్టుకుంది. మూడో మంచం మీది ఆడమనిషికి సెలైన్ సీసా మార్చడానికి వెళ్ళింది.

నరసరావుపేటలో ఆ నర్సింగ్ హోమ్‌కి ఆమె వచ్చి పదకొండేళ్ళు. పేరుకి నర్సు. డాక్టరు పొట్ట కోస్తుంటే పక్కన నిలబడేది ఆమే, ఆపరేషన్ అయ్యాక నేల కడిగించేది ఆమే, రశీదు రాసేది ఆమే, పేషెంటు తాలూకు మనుషులు వరండాలో ఉమ్మేస్తే తిట్టేది కూడా ఆమే. డాక్టరుగారి భార్య ఊరెళితే వాళ్ళ కుక్కకి అన్నం పెట్టడం కూడా ఆమె డ్యూటీలోకే వచ్చేది.

ట్రైనింగులో ఉన్నప్పుడు మిషన్ ఆసుపత్రిలో ఆరు నెలలు ఆపరేషన్ థియేటరులో పనిచేసింది. ముసలి సర్జన్ ఒకాయన ఏం కావాలో నోటితో చెప్పేవాడు కాదు. ఆయన చెయ్యి చాపేలోపు ఆమె సరైన పనిముట్టు అందించేది. తన బతుకులో ఒకరి చేత చెప్పించుకోకుండా చేసిన పని అదొక్కటేనని దయామణి లెక్క. మళ్ళీ ఆ పని చెయ్యాలి. ముప్పై అయిదు లోపల జరిగితే సరి, లేకపోతే ఇక దాని గురించి అనుకోకూడదు అని ఎప్పుడో గడువు పెట్టుకుంది. ఎందుకు ముప్పై అయిదే అంటే చెప్పలేదు. మస్కట్‌లో పెద్దాసుపత్రికి థియేటరు నర్సులు కావాలని పేపర్లో పడినప్పుడు, వయసు ముప్పై అయిదు నిండకూడదని అందులోనూ ఉంది. అక్టోబరులో మద్రాసు వెళ్ళి ఇంటర్వ్యూలో కూర్చుంది. ఇప్పుడు ఎంపికయ్యావని ఉత్తరం.

ఉత్తరంలో రెండు షరతులు. ముప్పై అయిదు నిండే రోజుకి ముందే అక్కడ దిగాలి, ఒక్కరోజు దాటినా తీసుకోరు. పుట్టినతేదీకి రుజువు పంపితేగాని వీసాకి పెట్టరు, బడి సర్టిఫికెట్టు ఒక్కటే చాలదు. పంచాయతీ కాగితం లేని క్రైస్తవులు గుడి నుంచి బాప్తిస్మపు పత్రం తెచ్చుకోవచ్చు.

వచ్చిన రోగులకి చీటీలు రాసే జాహెదాకి ఆ మధ్యాహ్నం టీ దగ్గర చెప్పింది. వీసాకి మూడు నెలలన్నా పడుతుందని జాహెదాకి తెలుసు. ఆమె అన్న ఇక్బాల్ కువైట్‌లో లారీ మెకానిక్కు.

"ఆ లోపల రాకపోతే?" అంది.

"రాకపోతే లేదు."

"ఏందక్కా అంత చప్పగా చెప్తావు? మా ఇక్బాల్ పోయేటప్పుడు అయిదేళ్ళు తగ్గించాడు. ఇప్పుడు కాగితాల్లో నాకంటే చిన్నోడు. వాడు నన్ను ఎత్తుకుని తిప్పాడే, రేపు నేను వాడికి అక్కనని చెప్పుకోవాలి."

దయామణి నవ్వలేదు. జాహెదా ఊరుకునే మనిషి కాదు. ఎట్టాగూ గుడికి పోతున్నావు గదా, అసలు వయసే రాయించుకురా అంది. బళ్ళో వేసిన తేదీలు ఎవరివి నిజమని? అందరికీ నోటికొచ్చింది వేసి పడేశారు. నీ మొహం చూస్తే ముప్పై మూడు దాటవు, రెండేళ్ళు మిగిలినట్టేగా అంది.

ఆ మాట దయామణికి పనికొచ్చేదిగానే తోచింది. తనకి బళ్ళో ఒకటో రెండో ఎక్కువేసి ఉంటారని ఆమెకి ముందునుంచీ అనుమానమే. ఆ వయసు వల్ల రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. రెండోవాడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని, అతనికి ఆమె నచ్చింది, తేదీ చూసి వాళ్ళమ్మ వద్దంది. అప్పుడు ఆమెకి పెద్దగా బాధేమీ కలగలేదు. కలిగి ఉండాల్సిందేమో అని తర్వాత అనుకుంది.

ఆ గురువారం సెలవు పెట్టి మాచర్ల బస్సెక్కింది. దుర్గిలో దిగి, రోడ్డు పక్కన రాయి చెక్కేవాళ్ళ ఉలుల చప్పుడు దాటుకుని, మూడు మైళ్ళు నడిచి తన పల్లె చేరింది. మిరపతోటల్లో మనుషులు ఉన్నారు గాని ఎవరూ గుర్తుపట్టలేదు. చిన్నప్పుడే బోర్డింగుకి వెళ్ళిన పిల్లని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

పాస్టరు జయరాజుగారు ఆ గుడికి వచ్చి మూడేళ్ళే. విషయం విని, ఆమె తెచ్చిన బడి సర్టిఫికెట్టు చూసి, బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, ఎంక్వైరీ గుమాస్తాలా వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయాడు. పత్రంలో రాయడానికి కావాల్సింది మూడే: పేరు, తల్లిదండ్రులు, పుట్టిన తేదీ.

"దయామణి. కృపాదానం, గ్రేసమ్మల కూతురు. వెయ్యిన్నీ తొమ్మిదివందల యాభై, ఫిబ్రవరి పదిహేడు. ఇదిగోనమ్మా, నీ బడి సర్టిఫికెట్టులో ఉన్నదే. నోటికొచ్చింది వెయ్యలేదు మీ బళ్ళో."

దయామణికి ఆశ పోయింది. సరే, రాసివ్వండి అంది. కానీ ఆయన కలం తీసి కూడా రాయలేదు. ఎందుకో పేజీ తిప్పాడు. ఇంకో రెండు పేజీలు తిప్పాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఇంకో దయామణి ఉందమ్మా. తల్లిదండ్రులు వాళ్ళే. యాభై మూడు, నవంబరు ఇరవై ఒకటి."

రిజిస్టరుని ఆమె వైపు తిప్పాడు. రెండు వరసలూ ఒకే చేతిరాత. అప్పటి ఉపదేశిది. పాస్టరు ఇంకో పుస్తకం తీశాడు, సమాధుల పుస్తకం. అందులో యాభైలోనే మే నెలలో, మూడు నెలల పసిపాప, దయామణి అని ఉంది. జ్వరం అని రాసుంది.

పాస్టరు గుడి వెనక ఆమె నాయన ఇంటికి మనిషిని పంపాడు. కృపాదానం వచ్చాడు. మిషన్ బడిలో పంతులుగా చేసి దిగిపోయినవాడు. కూతుర్ని చూసి, ఎప్పుడొచ్చావు అని అడిగి, బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకాలు చూసి కళ్ళజోడు పెట్టుకున్నాడు. దాచడానికేమీ ప్రయత్నించలేదు.

సాగరు కాలవలు రాకముందు సంగతి చెప్పుకొచ్చాడు. యాభై తొమ్మిదిలో వానల్లేవు, జీతం అయిదు నెలలు రాలేదు, గ్రేసమ్మకి దగ్గు. ఇంట్లో జొన్నలు కూడా అయిపోయినయ్. బోర్డింగులో అయితే మూడు పూటలా తిండి, పాలపొడి. కానీ ఎనిమిదేళ్ళు నిండినోళ్ళనే తీసుకునేవాళ్ళు. నీకు అయిదున్నర. పెట్టెలో పెద్దదాని బాప్తిస్మపు కాగితం ఉంది. పోయిన పిల్ల పేరే మళ్ళీ పుట్టినదానికి పెట్టుకోవటం అప్పుడు మనోళ్ళలో మామూలు. పేరు అదే, అమ్మా నాయనా అదే. ఆ కాగితమే ఇచ్చి చేర్చాను.

"తొమ్మిదేళ్ళ పిల్ల ఇంత పొట్టిగా ఉందేంది పంతులూ అని మేట్రనమ్మ అడిగింది. తిండి లేక అన్నాను. అది అబద్ధం కాదుగా."

దయామణికి బోర్డింగు హాలు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళు వచ్చినా పక్క తడుపుతున్నావని ఆ మేట్రనమ్మే ఆమెను వరండాలో నిలబెట్టేది. చాప నెత్తిన పెట్టించేది. తను మొద్దునని దయామణి చానాళ్ళు నమ్మింది. అక్షరాలు ముందే వచ్చని రెండో తరగతిలో కూర్చోబెట్టారు, అక్కడ అందరికంటే ఆమే చిన్నగా ఉండేది. ఇదంతా ఇప్పుడు ఒక్కొక్కటే అర్థమవుతోంది గాని, ఎవరో ఇరుగుపొరుగు వాళ్ళ సంగతి వింటున్నట్టుగా ఉంది ఆమెకి.

"నాకు ముప్పై ఒకటా నాయనా?"

"నిన్న కాక మొన్న నిండినయ్."

పాస్టరు ముఖం విప్పారింది. మంచిదే గదమ్మా, ఒక్క దెబ్బకి నాలుగేళ్ళు కలిసొచ్చినయ్, నీ వరసే రాసిస్తాను, మీ నాయన కోర్టులో ఒక అఫిడవిట్టు ఇస్తాడు, వీసా ఎప్పుడు వచ్చినా పోవచ్చు అన్నాడు. కృపాదానం కూడా ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతానన్నాడు. పాస్టరు కలం మూత తీసి, రెండో దయామణి పేరు రాయబోయాడు.

దయామణి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. ఒకటో రెండో తగ్గితే ఏమీ కాదనుకుని బయల్దేరింది. నాలుగు తగ్గుతాయనుకోలేదు. ట్రైనింగులో చేరింది అరవై తొమ్మిది జూలైలో. పదిహేడు నిండందే చేర్చుకోకూడదు. కాగితంలో పందొమ్మిది గనక ఎవరూ అడగలేదు. నవంబరు యాభై మూడు నుంచి లెక్కేస్తే పదిహేనేళ్ళ ఎనిమిది నెలలు. అఫిడవిట్టు మద్రాసు వెళితే వాళ్ళు నర్సింగ్ కౌన్సిల్‌కి రాస్తారు. కౌన్సిల్ వాళ్ళు చేరిన తేదీ చూస్తారు. తప్పుడు వయసు మీద చేరావు గనక సర్టిఫికెట్టే చెల్లదంటారు. మస్కట్ మాట అట్టుంచి, రేపు నరసరావుపేటలో సూది పట్టుకోవడానికి కూడా హక్కు ఉండదు.

"అది వద్దు అయ్యగారూ. మొదటి వరసే రాయండి."

జయరాజుగారు కలం ఆపాడు. ఎందుకో ఆమె చెప్పింది. వంకర లేకుండా, చార్టు చదివినట్టు చెప్పింది. ఆయన విన్నాడు, చెమట పట్టకపోయినా మెడ తుడుచుకున్నాడు.

"ఈ పిల్ల చనిపోయిందమ్మా."

"మీరు రాసే పత్రంలో ఆ గడి లేదు గదా."

లేదు. పేరు, తల్లిదండ్రులు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, అంతే. ఆయన పత్రాన్ని రెండువైపులా తిప్పి చూశాడు. అడిగిన దానికే జవాబు రాయటం అబద్ధం అవుతుందా కాదా అని ఆయన తనలో తను తేల్చుకుంటున్నాడు. దయామణి కుర్చీలో కదలకుండా కూర్చుంది. ఆయన కాదంటే లేచి వెళ్ళిపోవాలి, ఇంకో దారి లేదు. బతిమాలడానికి ఒకటి రెండు మాటలు వెతుక్కుంది.

కృపాదానమే అన్నాడు. "రాయండయ్యగారూ. దాని పేరు మీదే పాలపొడి తాగింది, దాని పేరు మీదే చదివింది. ఇరవై అయిదేళ్ళయింది. ఇప్పుడు వేరు చేసి ఏం చేస్తారు?"

"పుస్తకంలో ఉన్నది రాస్తాను. లేనిది ఒక్క ముక్క రాయను," అన్నాడు పాస్టరు. అది ఒప్పుకోవటమో కాదో వాళ్ళకి అర్థమయ్యేలోపే రాయటం మొదలుపెట్టాడు. రాసి, చదివి, ముద్ర వేశాడు. ముద్ర సరిగా పడకపోతే ఊది మళ్ళీ వేశాడు.

బయటికి వచ్చాక కృపాదానం గుడి గోడ పక్కకి చెయ్యి చూపించి, అక్కడే పెట్టాం, చూస్తావా అన్నాడు. దయామణి వాచీ చూసుకుంది. నాలుగింటి బస్సు పోతే మళ్ళీ చీకటి పడ్డాకే. వద్దులే అంది. ఆయన కొంతదూరం వెంట నడిచి, మోకాళ్ళ నొప్పని ఆగిపోయాడు.

పత్రం రిజిస్టరు పోస్టులో మద్రాసు వెళ్ళింది. ఇక వీసా ముందా, ఫిబ్రవరి పదిహేడు ముందా అన్నదే మిగిలింది. డిసెంబరు అయిపోయింది. జనవరిలో ఒక కార్డు వచ్చింది, కాగితాలు అందినట్టు. జాహెదా రోజూ పోస్ట్‌మాన్‌ని పట్టుకుని గద్దించేది, వాడు దాచుకున్నట్టు. అసలు వయసు ఎందుకు రాయించుకోలేదని ఆమె అడిగితే, అదే అసలు వయసు అని చెప్పింది దయామణి. జాహెదా ఎగాదిగా చూసి, అయితే నీ చర్మానికి ఏం రాస్తావో నాకూ చెప్పు అంది.

ఫిబ్రవరి ఆరో తేదీన టెలిగ్రాం వచ్చింది. వీసా దొరికింది, పదమూడున బొంబాయిలో విమానం. డాక్టరు మొహం మాడ్చుకున్నాడు. వారం రోజుల్లో ఇంకో మనిషిని ఎక్కడినుంచి తేవాలి, కాస్త బుద్ధుండాలి అన్నాడు. వెళ్ళేటప్పుడు మాత్రం తన భార్య చేత ఒక చీర పెట్టించాడు. కృపాదానం బస్టాండుకి వచ్చాడు. బస్సు కదిలేముందు కిటికీలోంచి, అక్కడ చలా ఎండా అని అడిగాడు. ఎండే అంది.

మస్కట్‌లో దిగాక ఆఫీసులో ఒక గుమాస్తా పాస్‌పోర్టు తిప్పి, తేదీ చూసి, క్యాలెండరు చూసి, నాలుగు రోజుల్లో బతికిపోయావన్నాడు. ఆమె నవ్వాల్సిన చోట నవ్వింది. మర్నాడే థియేటరులో వేశారు. పని వచ్చు. చేతులకి ఏమీ మరుపు రాలేదు. ఎవరూ చెప్పకుండానే అన్నీ అందించింది. అక్కడి సర్జన్ రెండో రోజే బాగుందన్నాడు. ఇన్నేళ్ళు కోరుకున్నది ఇదేనని ఆమెకి తెలుసు. తెలిసిందంతే. సంతోషం ఒకటి రావాలి గదా అని ఒకటి రెండు సార్లు ఆగి చూసుకుంది.

పదిహేడో తేదీ సాయంత్రం డ్యూటీ దిగి హాస్టలుకి వస్తే, మెస్సులో బల్ల మీద కేకు ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళ పుట్టినరోజులు వార్డెన్ పాస్‌పోర్టులు చూసి రాసిపెట్టుకుంటుందట. మలయాళీ పిల్లలు నలుగురైదుగురు చుట్టూ చేరి ఇంగ్లీషులో పాట పాడారు. కేకు మీద గులాబీ రంగులో పేరు, పక్కన ముప్పై అయిదు అంకె. మూడు నెలలే బతికిన పిల్లకి ఎవరూ పుట్టినరోజు చేసి ఉండరని దయామణి అనుకుంది. అంతకంటే ముందుకి ఆలోచన పోలేదు. వాళ్ళు చాకు చేతికిచ్చారు. కోసింది.

ఒక పిల్ల, ఏలియమ్మ, ఇద్దరికీ వచ్చిన అరకొర తమిళంలో అడిగింది, ముప్పై అయిదు నిండితే ఎలా ఉంటుంది చేచీ అని. చేచీ అంటే వాళ్ళ భాషలో అక్క.

"ఏమీ ఉండదు," అంది దయామణి. క్రీము తియ్యగా ఉందని ఇంకో ముక్క పెట్టించుకుంది.