నూగు లేని దుబ్బు

కోటగిరి పక్కన మా చెరుకు తోటలో ఎండాకు తీసే రోజుల్లో అమ్మ, మా బాపు పాత చొక్కా తొడుక్కునేది. అయినా ఆకు తొడుగు మీది నూగు చేతుల్లో దిగేది. సాయంత్రం కొబ్బరినూనె రాసుకుంటూ చెరుకును తిట్టేది, చెరుకు పెట్టిన బాపును ఇంకా ఎక్కువ తిట్టేది.

ఒక ఏడు ఆమెకు నూగు లేని దుబ్బు ఒకటి కనబడింది. అరచేత్తో ఎటు రాసినా గుచ్చుకోలేదట. గుర్తుగా ఎర్ర రవిక పేలిక కట్టి వచ్చింది.

"గీ గడలే ముక్కలు చేసి పెడితే, నాలుగేండ్లల్ల మడి మొత్తం గిట్లనే అయితది బిడ్డా" అంది.

నేనప్పుడు నిజామాబాద్‌లో డిగ్రీ మొదటి ఏడు. చదువు నెత్తికెక్కి ఉంది. మా బాటనీ సారుకు చెప్తే మర్నాడే బస్సెక్కి వచ్చాడు. ఫొటోలు తీసుకుని, భూతద్దంతో చూసి, గట్టు మీదే పాఠం మొదలుపెట్టాడు. ఆకు పైపొరలో కణాలన్నీ మొదట ఒక్కలాగే ఉంటాయట. ఏది నూగు కావాలో, ఏది చదునుగా మిగలాలో జన్యువులు చెప్తాయట. ఈ దుబ్బులో ఆ మాట చెప్పే జన్యువేదో పనిచేయడం మానేసి ఉంటుందన్నాడు. నేను ఒళ్లు మరిచి విన్నాను.

దుబ్బు వేళ్లతో సహా కావాలన్నాడు.

"రెండు గడలు నాకుంచుండ్రి సారూ" అంది అమ్మ.

నాకు సిగ్గేసింది. "సారు పెంచి బండెడు ఇస్తడమ్మా, గింత కక్కుర్తి ఎందుకు?" అన్నాను.

అమ్మ నా మొహం చూసింది. తనే గడ్డపార తెచ్చి తవ్వి ఇచ్చింది.

మరుసటి ఏడు సారును అడిగితే "పెరుగుతోంది" అన్నాడు. చివరి ఏడు కాలేజీ సదస్సులో తన పరిశోధన అంటూ తెర మీద ఫొటో వేశాడు. నున్నటి ఆకు, మూలన అమ్మ ఎర్ర పేలిక. దుబ్బును తానే వెతికి పట్టానని చెప్పాడు. బయట ఆపి అడిగితే, "అదంతా కోసి పరీక్షలకు వాడేశామమ్మా" అన్నాడు, టీ తాగుతూ. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నట్టయింది నా పని. ఆ మనిషి మీద నాకు ఈనాటికీ మంట తగ్గలేదు.

ఇంటికొచ్చి, సారు మోసం చేశాడని ఏడ్చాను. అమ్మ చేతులకు నూనె రాసుకుంటోంది.

"సారు నాకేం ఎరుక బిడ్డా?" అంది. "నేను నీకిచ్చిన."